గృహహింసపై ప్రచారం: కాలేజీ పిల్లలతో, వీధి కుర్రాళ్ళతో ఎలా మొదలుపెట్టాలి

స్త్రీలపై హింసకు వ్యతిరేకంగా జరిపే అంతర్జాతీయ దినం, నవంబరు 25 దగ్గర పడుతోందంటే కాలేజీల్లో హడావిడి మొదలవుతుంది. బ్యానరు రాయిస్తారు, ఊరేగింపు తీస్తారు, కూడలిలో మానవహారం కడతారు, ప్రతిజ్ఞ చేయించి ఫొటో తీసి పైకి పంపుతారు. డిసెంబరు 10తో ఆ పదహారు రోజుల ప్రచారం ముగుస్తుంది, బ్యానరు స్టోరు రూముకు చేరుతుంది. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. నినాదాలివ్వమన్నాం, ఇచ్చారు. కానీ ఆ ఊరేగింపులో నడిచిన అమ్మాయి సాయంత్రం ఇంటికి వెళ్ళి తల్లి ఒంటి మీద కమిలిన మచ్చ చూస్తే ఏం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. బ్యానరు పట్టుకున్న పాతికమందిలో అలాంటి ఇంటి నుంచి వచ్చినవాళ్ళు కొందరైనా ఉంటారు.

మీరు ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసరైనా, లెక్చరరైనా, ఊళ్ళో యువజన సంఘం నడుపుతున్నా, బస్తీలో పనిచేసే కార్యకర్త అయినా ఈ పని మీరు చేయగలరు. ఒక్క విషయంలో మాత్రం నేను పట్టుబడతాను. పిల్లలను వీధిలోకి పంపేముందు, వాళ్ళ మాట విని సాయం కోసం వచ్చే మనిషిని ఎక్కడికి పంపాలో మీకు తెలిసి ఉండాలి. అది తెలియకుండా చేసే ప్రచారం ఆశపెట్టి వదిలేయడమే అవుతుంది.

ముందు దారి వేయండి

నవంబరు కోసం ఆగవద్దు. కాలేజీలు తెరిచిన జూలై, ఆగస్టు నెలల్లోనే మొదలుపెట్టండి. మొదటి రెండు వారాలు పిల్లలతో పనిలేదు, మీరే తిరగాలి.

జిల్లా కేంద్రంలోని సఖి కేంద్రానికి స్వయంగా వెళ్ళండి. వన్ స్టాప్ సెంటర్ అని కూడా అంటారు. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, కొద్ది రోజుల వసతి ఒకేచోట దొరకాలని 2015లో వీటిని ప్రారంభించారు. అక్కడి సిబ్బందిని సూటిగా అడగండి. రాత్రి పదింటికి వస్తే తలుపు తీస్తారా? పిల్లలను వెంటబెట్టుకుని వస్తే ఉంచుకుంటారా? మగపిల్లవాడికి ఎన్నేళ్ళ వరకు తల్లితో ఉండనిస్తారు? మా ఊరి నుంచి రావడానికి బండి పంపుతారా? అక్కడ మాట్లాడిన ఒకరి పేరు, ఫోను నంబరు రాసుకోండి. సాయం అడిగి వచ్చే ఆడమనిషికి ఆఫీసు పేరు చెప్పడం కన్నా, “అక్కడ ఫలానా మేడం ఉంటారు, నేను చెప్పానని చెప్పండి” అనడం ఎంతో ధైర్యమిస్తుంది.

తర్వాత జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్ళకు ఉచితంగా వకీలును ఇస్తారు, నంబరు 15100. తర్వాత పోలీసు స్టేషన్‌లో మహిళా సహాయ డెస్కు. ఆ తర్వాత ఊరి ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు. ఏ ఇంట్లో ఏం జరుగుతోందో వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి మీరే ఒకసారి ఫోను చేసి, ఫలానా పని మొదలుపెడుతున్నామని చెప్పి, ఫోను చేసినవాళ్ళను ఏమేం అడుగుతారో కనుక్కోండి. ప్రాణం మీదికి వస్తే 112, పిల్లల విషయమైతే 1098. ఇదంతా ఒక్క పేజీలో, పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి.

ఎవరిని పిలవాలి

పదిహేను, ఇరవై మంది చాలు. సగం మంది మగపిల్లలు ఉండి తీరాలి. ప్రిన్సిపాల్ ఎంపిక చేసి పంపే వక్తృత్వ పోటీ విజేతలతోనే సరిపెట్టుకోవద్దు. ఊరి క్రికెట్ జట్టు, ఐటీఐ కుర్రాళ్ళు, ఆటో నడిపే యువకులు, కుట్టు నేర్చుకుంటున్న అమ్మాయిలు, పొదుపు సంఘాల్లో ఉన్నవారి కూతుళ్ళు, వీళ్ళందరికీ కబురు పెట్టండి. పద్దెనిమిది నిండనివాళ్ళుంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి.

జట్టుకు పెట్టే పేరు అమ్మాయిలు ఇంట్లో చెప్పుకోగలిగేలా ఉండాలి. “గృహహింస వ్యతిరేక దళం” అంటే కొందరి ఇళ్ళలో అక్కడితోనే ఆగిపోతుంది. ఎన్ఎస్ఎస్ విద్యార్థులకైతే రెండేళ్ళలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఎలాగూ ఉంటాయి. ఈ పనిని ఆ లెక్కలో చేర్పిస్తే ఇంటివాళ్ళకు కారణం చెప్పుకోవడం తేలిక.

మొదటి నాలుగు సమావేశాలు

ఉపన్యాసంతో మొదలుపెట్టవద్దు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అడిగే ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి. భర్త భార్యను కొట్టడం ఏయే సందర్భాల్లో సమంజసమని ఆ సర్వే ఏడు కారణాలు ఇచ్చి అడుగుతుంది: చెప్పకుండా బయటికి వెళ్తే, ఇంటినీ పిల్లలనూ పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, పడక నిరాకరిస్తే, వంట సరిగా చేయకపోతే, ఆమె మీద అనుమానం వస్తే, అత్తమామలను గౌరవించకపోతే. ఈ ఏడూ కాగితం మీద అచ్చువేసి అందరికీ పంచండి. పేరు రాయనక్కర్లేదు, అమ్మాయా అబ్బాయా అన్నది మాత్రం గుర్తు పెట్టమనండి. ఒప్పుకున్న వాటి పక్కన టిక్కు పెట్టి, మడిచి డబ్బాలో వేయాలి. అందరి ఎదుటా లెక్క తీసి బోర్డు మీద రాయండి.

అప్పుడు 2019-21 సర్వే ఫలితం చెప్పండి. ఈ ఏడింటిలో ఏదో ఒక కారణానికైనా కొట్టవచ్చని తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు 84 శాతం మంది ఆడవాళ్ళు అన్నారు. మగవాళ్ళలో అలా అన్నవారు తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 66 శాతం. భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు హింసకు గురైన స్త్రీలు తెలంగాణలో సుమారు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. మీ బోర్డు మీది అంకెలు వీటికి దూరంగా ఏమీ ఉండకపోవచ్చు. టిక్కు పెట్టినవాళ్ళను మందలించవద్దు. వాళ్ళు నిజం రాశారు కాబట్టే మీకు మాట్లాడే చోటు దొరికింది. “అత్తమామలను గౌరవించకపోవడం అంటే ఏమిటి? అది ఎవరు నిర్ణయిస్తారు?” అని అడిగి, వాదన వాళ్ళలో వాళ్ళకే వదిలేయండి. ఆ కాగితాలు దాచండి, తర్వాత పని ఉంది.

రెండో సమావేశంలో ఇంట్లో వినే సామెతలు, మాటలు తెమ్మనండి. “మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు” అన్నది తప్పకుండా వస్తుంది. “ఆడదానికి ఓర్పు ఉండాలి”, “ఇంటి గుట్టు బయట పెట్టకూడదు” కూడా వస్తాయి. ఒక్కోదాన్నీ ఎవరు, ఎవరితో, ఎప్పుడు అంటారో చెప్పించండి.

మూడోది చట్టం. మీకు అంత పట్టు లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఒకరిని పిలవండి, ఊరికే వస్తారు. పిల్లలు గుర్తుపెట్టుకోవలసింది కొంచెమే. 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమలవుతున్న గృహహింస చట్టంలో కొట్టడం ఒక్కటే హింస కాదు. తిట్టడం, అవమానించడం, లైంగికంగా బలవంతపెట్టడం, జీతం లాక్కోవడం, ఇంటి ఖర్చులకు డబ్బు ఇవ్వకపోవడం కూడా హింసే. ఇల్లు ఆమె పేరున లేకపోయినా ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంది. మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు, భరణం, పిల్లల తాత్కాలిక సంరక్షణ, నష్టపరిహారం ఇప్పించగలరు. ఉత్తర్వును అతిక్రమిస్తే ఏడాది దాకా జైలు, ఇరవై వేల రూపాయల దాకా జరిమానా. అర్జీ పెట్టిన మూడు రోజుల్లో మొదటి వాయిదా, ఆ తర్వాత అరవై రోజుల్లో తీర్పు ఇచ్చే ప్రయత్నం జరగాలని చట్టం అంటుంది. కోర్టుల్లో అంతకన్నా ఆలస్యమవుతుందని కూడా దాచకుండా చెప్పండి.

ఇక్కడ ఒక సంగతి చెప్పగానే గదిలో అమ్మాయిలు నిటారుగా కూర్చుంటారు. ఈ చట్టం భార్యలకే పరిమితం కాదు. ఒకే ఇంట్లో ఉండే కూతురు, అక్క, చెల్లెలు, తల్లి కూడా దీని కింద రక్షణ కోరవచ్చు. ఫోనులో ఎవరితోనో మాట్లాడిందని అన్న చేయి చేసుకున్నా, చదువు మానమని తండ్రి కొట్టినా ఇది వర్తిస్తుంది. ఎవరో పెళ్ళైనవాళ్ళ సమస్య అనుకుని వచ్చిన పిల్లలకు ఇది తమ సంగతే అని అర్థమయ్యేది ఇక్కడే.

నాలుగో సమావేశానికి ఒకే ప్రశ్న: “అంత కష్టమైతే వెళ్ళిపోవచ్చు కదా?” జట్టును మూడు గుంపులు చేసి, ఇద్దరు పిల్లలున్న ఒకావిడ రాత్రి పదకొండింటికి ఇల్లు వదలాలంటే ఏమేం కావాలో రాయమనండి. బస్సు ఛార్జీ. ఆధార్ కార్డు. పిల్లల బడి సర్టిఫికెట్లు. పుస్తెలతాడు తప్ప మిగతా బంగారం అత్తగారి బీరువాలో ఉంది. ఫోను ఆయన చేతిలో ఉంది. పుట్టింట్లో తమ్ముడికి కొత్తగా పెళ్ళైంది, గది లేదు. వెళ్తే అమ్మ “సర్దుకుపో తల్లీ” అంటుంది. జాబితా పూర్తయ్యేసరికి ఆ ప్రశ్న మళ్ళీ ఎవరూ అడగరు.

ఎవరైనా తమ బాధ చెప్పుకుంటే

చెప్పుకుంటారు. మూడో, నాలుగో సమావేశం తర్వాత అందరూ వెళ్ళాక ఒకరు చెప్పులు వెతుక్కుంటున్నట్లు ఆగిపోతారు. మొత్తం పనిలో అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసిన ఘడియ అది, దానికి జట్టు అంతటినీ ముందే తయారు చేయండి. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరు చెప్పేవారు, ఒకరు వినేవారుగా సాధన చేయించండి.

వినేవారు అనవలసిన మాటలు కొన్నే. “నువ్వు చెప్పింది నమ్ముతున్నాను.” “ఇందులో నీ తప్పు లేదు.” “ఇప్పుడు ఇంటికి వెళ్ళడం నీకు క్షేమమేనా?” “ఏం చేస్తే బాగుంటుందని నీకు అనిపిస్తోంది?” అనకూడనివి చాలా ఉన్నాయి: “నువ్వేమన్నావు, అలా కొట్టాడు?”, “వెంటనే కేసు పెట్టు”, “వదిలెయ్”, “మా నాన్నతో చెప్పి మాట్లాడిస్తాను”. నిర్ణయం ఆమెది. ఎప్పుడు కదిలితే ప్రాణానికి ముప్పో ఆమెకు తెలిసినంతగా మనకు తెలియదు.

“ఎవరికీ చెప్పను” అని మాత్రం మాట ఇవ్వకూడదు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, దాచడం నేరం. కాబట్టి “అనవసరంగా ఎవరికీ చెప్పను, కానీ ప్రాణానికి ముప్పుంటే పెద్దవాళ్ళ సాయం తీసుకుంటాను” అనడం నేర్పండి. గొంతు నులిమాడన్నా, చంపుతానని కత్తో కిరోసినో చూపించాడన్నా, గర్భంతో ఉండగా కొట్టాడన్నా తేలికగా తీసుకోవద్దు. గొంతు నులిమినప్పుడు పైకి మచ్చ కనబడకపోయినా లోపల దెబ్బ తగిలి ఉండవచ్చు. ఆస్పత్రికి వెళ్ళేలా చూడాలి. విన్న విద్యార్థి ఆ రోజే మీతో చెప్పాలి. ఆ బరువు పంతొమ్మిదేళ్ళ పిల్ల ఒంటరిగా మోయకూడదు.

ఫోను విషయంలో జాగ్రత్త. చాలా ఇళ్ళలో భార్య ఫోను భర్త చూస్తాడు. నంబర్లున్న పేజీ వాట్సాప్‌లో పంపవద్దు. 181 మూడే అంకెలు, కంఠస్థం చేయించవచ్చు.

మగపిల్లలతో

అబ్బాయిలను ముద్దాయిలుగా నిలబెడితే రెండో వారానికి రారు. “అక్కచెల్లెళ్ళను కాపాడే వీరులు” అని భుజం తడితే ఇంకో చిక్కు. అలా కాపాడే అన్నలే చెల్లెలి ఫోను తీసి చూస్తారు. వీళ్ళలో కొందరు చిన్నప్పుడు తల్లికీ తండ్రికీ మధ్య నిలబడి దెబ్బలు తిన్నవాళ్ళు. ఆ సంగతి మాట్లాడే అవకాశం ఇంతవరకూ ఎవరూ ఇచ్చి ఉండరు. అందుకే అబ్బాయిలకు విడిగా రెండు సమావేశాలు పెట్టండి. వాళ్ళు గౌరవించే మగవాడే, పీఈటీ సారో, జట్టు కెప్టెనో నడిపితే మేలు.

మాట్లాడవలసినవి నిత్యం జరిగేవే. మీ ఇంట్లో అందరికన్నా చివర ఎవరు తింటారు? అమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు వంట ఎవరు చేస్తారు? స్నేహితుడు తన ప్రియురాలి పాస్‌వర్డ్ అడిగి తీసుకున్నానని గొప్పగా చెబితే మీరు ఏమన్నారు? చివరి ప్రశ్న మీద ఎక్కువసేపు ఆగండి. ఒక కుర్రాడి మాట ఇంకో కుర్రాడు విన్నంతగా లెక్చరరు మాట వినడు. ఆ ఒక్క సందర్భంలో “అది ప్రేమ కాదురా, నిఘా” అనగలిగే నలుగురు కుర్రాళ్ళు తయారైతే మీ ప్రచారంలో సగం పని అయినట్లే.

పక్కింటి తలుపు

2008లో మన దేశంలో ‘బెల్ బజావో’ అనే ప్రచారం జరిగింది. పక్కింట్లో కొట్టిన చప్పుడు వినిపిస్తే వెళ్ళి కాలింగ్ బెల్ కొట్టమని మగవాళ్ళకూ, అబ్బాయిలకూ చెప్పింది. లోపలికి వెళ్ళి పోట్లాడమనలేదు. ఎవరో వింటున్నారని తెలిస్తే చాలాసార్లు చేయి ఆగుతుంది.

దీన్ని మన వీధులకు తగ్గట్టు సాధన చేయించండి. తలుపు కొట్టి, “పిన్నీ, పాలు కాచాం, తోడుకు కాస్త పెరుగు ఉందా?” అనవచ్చు. “బాబాయ్, మా ఇంట్లో కరెంటు పోయింది, మీకు ఉందా?” అనవచ్చు. జవాబు వచ్చినా వెంటనే కదలకుండా కొంచెంసేపు నిలబడాలి. ఒంటరిగా వెళ్ళకూడదు, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళాలి, వీలైతే ఒక పెద్దావిడ తోడు ఉండాలి. ఆయుధం కనబడితే దగ్గరికి పోవద్దు, దూరంగా నిలబడి 112కు ఫోను చేయాలి. భర్తను నిలదీయడం, బెదిరించడం, వీడియో తీయడం పూర్తిగా నిషిద్ధం. ఆ కోపమంతా తర్వాత ఆమె మీదే తీర్చుకుంటాడు. మర్నాడు అతను లేని వేళ చూసి “ఎలా ఉన్నావు?” అని అడగడం మరిచిపోవద్దని చెప్పండి.

గృహహింస చట్టంలోని నాలుగో సెక్షన్ ప్రకారం హింస జరుగుతోందని నమ్మకంగా తెలిసిన ఎవరైనా, ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణాధికారికి తెలియజేయవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారి మీద కేసు పెట్టడానికి లేదు. ఇది తెలిశాక పక్కింటివాళ్ళ భయం చాలావరకు తగ్గుతుంది.

వీధిలోకి

మన దగ్గర పాట, డప్పు, నాటకం ఎంత పని చేయగలవో తెలియాలంటే నెల్లూరు జిల్లా దూబగుంటను తలచుకోవాలి. 1990లలో అక్షరాస్యత ఉద్యమంలో కళాజాతలు చూసి, తమ బతుకు కథలే పాఠాలుగా చదువుకున్న ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. వాళ్ళలో ముందు నిలిచిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. అక్కడివాళ్ళను కదిలించింది వాళ్ళు పాఠంలో తమను తాము చూసుకోవడమే.

నాటకంలో కొట్టే దృశ్యం పెట్టవద్దు. గుంపులో కూర్చున్న ఆమె దాన్ని రోజూ చూస్తూనే ఉంది. తాగుబోతు పాత్రతో నవ్వించవద్దు, తప్పంతా సీసా మీదికి పోతుంది. తాగకుండా కొట్టేవాళ్ళు ఎందరో ఉన్నారు. ఇలా చేసి చూడండి. భోజనం వేళ. కూరలో ఉప్పు ఎక్కువైంది. కంచం గోడకు తగిలిన చప్పుడు తెర వెనక నుంచి వినిపిస్తుంది. ముందు పక్కింటి దంపతులు కనిపిస్తారు. భార్య తల ఎత్తుతుంది. భర్త రిమోటు అందుకుని టీవీ సౌండు పెంచుతాడు. అక్కడ నాటకం ఆపేయండి. “ఈయన ఇప్పుడేం చేయాలి?” అని జనాన్ని అడగండి. చెప్పినవాళ్ళను వచ్చి ఆ పాత్రలో చేసి చూపించమనండి. ఒకరు వస్తారు, తడబడతారు, ఇంకొకరు లేచి సరిదిద్దుతారు. ఆ పది నిమిషాల కోసమే ఈ నాటకం.

ప్రదర్శనకు పక్కనే ఆశా కార్యకర్తతో బీపీ చూసే బల్ల పెట్టించండి. ఏ ఆడమనిషైనా “బీపీ చూపించుకోవడానికి వెళ్ళాను” అని ఇంట్లో చెప్పుకోగలుగుతుంది. మీ అమ్మాయిలు ఇద్దరు అక్కడే ఉండాలి. 181 నంబరున్న చిన్న స్టిక్కర్లు బస్టాండు ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపు లోపలి వైపు, బ్యూటీ పార్లర్లో, జాకెట్లు కుట్టే దుకాణంలో, అంగన్‌వాడీలో అంటించండి. ఊరి మధ్య పెద్ద ఫ్లెక్సీ ముందు ఆగి నంబరు రాసుకునే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

రీల్స్ చేస్తామంటే చేయనివ్వండి, పిల్లలు అందులో మనకన్నా నేర్పరులు. నిజంగా జరిగిన ఏ ఇంటి కథా, ఏ మనిషి ముఖమూ, గుమ్మమూ అందులో కనబడకూడదన్న నియమం ఒక్కటి పెట్టండి.

ఎదురయ్యే మాటలు

“ఇవన్నీ తప్పుడు కేసుల కోసం” అని తప్పకుండా అంటారు. పిల్లలు ఆవేశపడకుండా జవాబు చెప్పగలగాలి. భార్యను భర్తో అతని బంధువులో క్రూరంగా హింసిస్తే పెట్టే క్రిమినల్ కేసు పాత 498-ఎ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. ఆ కేసులో నిందితులను యాంత్రికంగా అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు 2014లోనే అర్నేశ్ కుమార్ కేసులో చెప్పింది. గృహహింస చట్టం కింద మొదట అడిగేది రక్షణ, ఇంట్లో చోటు, తిండి ఖర్చు. జైలు కాదు. అసలు సంగతి ఏమిటంటే, హింసకు గురైన ఆడవాళ్ళలో సాయం కోరినవారు దేశం మొత్తం మీద 14 శాతమేనని అదే ఆరోగ్య సర్వే చెబుతోంది. పెద్దమనుషుల పంచాయితీలో తేల్చుకుందామంటే, అక్కడికి పిల్లలను పంపవద్దు, మీరూ మధ్యవర్తిగా కూర్చోవద్దు. రాజీ కుదిర్చే పని మీ జట్టుది కాదు.

ఆరు నెలల తర్వాత

ఎంతమంది ప్రతిజ్ఞ చేశారన్నది లెక్క కాదు. మొదటి రోజు ఇచ్చిన ఏడు ప్రశ్నల కాగితం మళ్ళీ ఇచ్చి పాతవాటితో పోల్చండి. పేర్లు లేకుండా ఒక నోటుపుస్తకంలో ఎంతమంది సాయం అడిగారు, ఎక్కడికి పంపాం, చేరారా లేదా అన్నది రాసుకోండి. అబ్బాయిల్లో ఎంతమంది మిగిలారో చూడండి. సగానికన్నా తగ్గితే వాళ్ళతో జరిపిన సమావేశాల్లో ఏదో లోపించింది, వదిలి వెళ్ళినవాళ్ళనే పిలిచి అడగండి.

మరుసటి ఏడాది కొత్త విద్యార్థులకు మొదటి నాలుగు సమావేశాలనూ పాతవాళ్ళే నడపాలి. మీరు వెనక బెంచీలో కూర్చోండి. వాళ్ళు మీలా చెప్పరు, ఉదాహరణలు మారతాయి, వరుస తప్పుతుంది. చట్టం విషయంలో పొరపాటు దొర్లితే తప్ప మధ్యలో కల్పించుకోవద్దు.